వెళ్లే బస్సు ఇటు, వచ్చే బస్సు అటు

సిటీ బస్సులో పనికి వెళ్లి వచ్చే మనిషి ఎంత జాగ్రత్తపరుడైనా రోజుకు రెండుసార్లు పెద్ద రోడ్డు దాటక తప్పదు. ఉదయం ఇంటి వైపున్న స్టాపులోనే బస్సు దొరికితే సాయంత్రం దిగేది ఎదుటి వైపు. ఉదయం ఆఫీసు ముందే దిగితే సాయంత్రం బస్సు ఎక్కాల్సింది అవతలి పక్క. ఇంటి దగ్గర ఒకసారి, పని దగ్గర ఒకసారి. బస్సు రెండు దిక్కులా నడిచినంత కాలం ఈ లెక్క మారదు. ఇంత చిన్న లెక్కను హైదరాబాద్ రోడ్ల మీద వేల కోట్లు ఖర్చు పెట్టించిన ప్రణాళికలు పట్టించుకోలేదన్నది నా ఫిర్యాదు. బస్సుల మాట వచ్చినప్పుడు ఎన్ని బస్సులు, ఎంత చార్జీ, ఉచితం ఎవరికి అని చర్చిస్తాం. రోడ్డు దాటే మాట వచ్చినప్పుడు ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కడ కట్టాలని చర్చిస్తాం. ఈ రెండూ ఒకే ప్రయాణంలోని భాగాలని, బస్సు ఆగే ప్రతిచోటా నేల మీదే, సిగ్నల్ రక్షణలో రోడ్డు దాటే దారి ఉండాలని, అది లేని స్టాపు సగం కట్టి వదిలేసిన స్టాపేనని నేను వాదిస్తాను.

మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా ఉన్న రోడ్డునే తీసుకుందాం. కూకట్‌పల్లి, మూసాపేట, ఎర్రగడ్డ మీదుగా 218 నంబరు బస్సులు తిరిగే దారి ఇది. నడుమ మెట్రో పిల్లర్లు, పిల్లర్ల మధ్య డివైడర్, డివైడర్ మీద చాలాచోట్ల ఇనుప కంచె. ఆ కంచెను కాస్త పరీక్షగా చూస్తే స్టాపులకు దగ్గర్లో ఎక్కడో ఒకచోట రెండు ఊచలు వంగి ఉంటాయి. ఆ సందు కింద డివైడర్ అంచు చెప్పుల రాపిడికి నున్నబడి ఉంటుంది. మొక్కల కోసం పోసిన మట్టి గట్టిపడి బాటగా మారి ఉంటుంది. ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో అక్కడ నిలబడి చూస్తే జనం పాటించే పద్ధతి అర్థమవుతుంది. ఒంటరిగా దాటేవారు తక్కువ. నలుగురైదుగురు పోగయ్యేదాకా ఆగుతారు. భుజానికి లంచ్ బ్యాగు తగిలించుకున్న అమ్మాయి, కూరగాయల సంచితో పెద్దావిడ, తాపీ పనికి బయల్దేరిన మేస్త్రీ. ఎవరో ఒకరు చెయ్యెత్తి అడుగు వేస్తారు, మిగిలినవారు ఆ చేతి నీడన నడుస్తారు. కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చెయ్యి పక్కావిడకిచ్చి, కంచె సందులోంచి పక్కకు తిరిగి దూరతారు. పిల్లర్ పక్కన మరో విడత ఎదురుచూపు. అవతలి సగం దాటాక కూడా పని పూర్తి కాదు. స్టాపు ముందు ఆటోలు నిలిచి ఉండడంతో బస్సు రెండో వరుసలో ఆగుతుంది కాబట్టి, దాన్ని అందుకోవడానికి మళ్లీ రోడ్డు మీదికే రావాలి.

వంగిన ఊచలను మరమ్మతు చేస్తారు, కొన్నాళ్లకు అవి మళ్లీ వంగుతాయి. నన్నడిగితే ఆ మరమ్మతు బిల్లులకు మించిన పాదచారుల సర్వే లేదు. జనం ఎక్కడ దాటదలచుకున్నారో అవి మీటర్లతో సహా చెబుతాయి.

పదిహేనేళ్ల కిందట ఈ నగరంలో రోడ్డు దాటడం సుఖంగా ఉండేదని నేననను. అయితే కూడలిలో సిగ్నల్ ఉండేది. జీబ్రా గీతల మీదికి బైకులు ఎక్కి నిలిచినా సరే, ఎర్ర దీపం వెలిగినంతసేపు వాటి సందుల్లోంచి దాటే కొద్ది క్షణాలు నడిచేవాడి వాటాగా దక్కేవి. తర్వాత విధానం మారింది. కూడలిని మూసేసి, కొంత దూరం పోనిచ్చి యూటర్న్ తిప్పే ఏర్పాటు ఒక్కో రోడ్డుకూ పాకింది. వ్యూహాత్మక రోడ్ల అభివృద్ధి పథకం (ఎస్సార్‌డీపీ) పేరుతో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు వరుసగా లేచాయి. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు తీగల వంతెన, 2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా ఉక్కు వంతెన ప్రారంభమయ్యాయి. సిగ్నల్ దగ్గర ఆగకుండా సాగిపోవడమే అభివృద్ధికి కొలమానమైంది. బండి నడిపేవారికి అది లాభమే, నేను కూడా బండి నడుపుతాను కాబట్టి ఆ సుఖం తెలియనిది కాదు. కానీ సిగ్నల్ తీసేసిన రోజునే నడిచేవాడి వాటాను కూడా తీసేశామని ఏ ప్రారంభోత్సవ సభలోనూ ఎవరూ చెప్పగా నేను వినలేదు. యూటర్న్ పద్ధతిలో వాహనాల ప్రవాహం ఎక్కడా తెగదు. తెగకపోవడమే దాని ఉద్దేశం. తెగని ప్రవాహాన్ని కాలినడకన దాటడమెలా అన్న ప్రశ్నకు మాత్రం నేల మీద జవాబు లేదు.

జవాబును గాలిలో కట్టారు. ఫుట్ ఓవర్ బ్రిడ్జి కింద నుంచి లారీలు, కంటెయినర్లు పోవాలి కాబట్టి దాని అడుగుభాగం రోడ్డుకు ఐదున్నర మీటర్ల ఎత్తున ఉండాలి. వంతెన మందం కూడా కలుపుకుంటే మనిషి నడిచే తలం ఆరు మీటర్ల దాకా పోతుంది. మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లనుకుంటే 40 మెట్లు ఎక్కి, రోడ్డంత దూరం నడిచి, మళ్లీ 40 మెట్లు దిగాలి. పాతికేళ్ల కుర్రవాడు కూడా ఆలస్యమైన రోజున ఆ పని చెయ్యడు. మా అమ్మకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. బస్సులో తిరిగి వచ్చినప్పుడు ఆవిడ ఎదుటి వైపు దిగి, అక్కడ ఆటో మాట్లాడుకుని, యూటర్న్ దాకా వెళ్లి తిప్పించుకుని, మా సందు మొదట్లో దిగుతుంది. బస్సులో ఆమెది జీరో టికెట్. రోడ్డు దాటడానికి మాత్రం ఆటోకు 50 రూపాయలు. ఇలా రోడ్డు దాటడం కోసమే ఆటో ఎక్కేవాళ్లు మా పేటలో ఆవిడ ఒక్కరే కాదు, ఆటోవాళ్లకు అదొక మామూలు బేరం.

కొన్ని వంతెనలకు లిఫ్టులు, ఎస్కలేటర్లు పెట్టారు కదా అంటారు. పెట్టడం ఒక ఎత్తు, దుమ్ములోనూ వానలోనూ రోజంతా నడపడం మరొక ఎత్తు. లిఫ్టు పనిచెయ్యని రోజున చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి ఆ వంతెన లేనట్టే లెక్క. పైగా ప్రకటనల హక్కులు కట్టబెట్టి వంతెన ఖర్చు రాబట్టుకునే పద్ధతి మన నగరంలో ఉంది. అలాంటప్పుడు హోర్డింగు దూరం నుంచి బాగా కనిపించే చోటుకు మొగ్గు ఉండడం సహజం. ఆ చోటుకు, బస్సు ఆగే చోటుకు పొత్తు కుదరాలన్న నియమమేమీ లేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల సదుపాయాల కోసం ప్రచురించిన ఐఆర్‌సీ 103 మార్గదర్శకాలు కూడా నగర రోడ్ల మీద నేల మట్టంలో దాటే ఏర్పాటుకే ముందు స్థానం ఇచ్చాయి.

వంతెనలన్నీ వద్దని నా వాదన కాదు. రైలు పట్టాల మీద, ఔటర్ రింగ్ రోడ్డు మీద వంతెన కాకపోతే మరో దారి లేదు. 2023 జూన్‌లో ప్రారంభించిన ఉప్పల్ స్కైవాక్ మెట్రో స్టేషన్‌ను, చుట్టూ ఉన్న రోడ్లను, బస్సులు ఆగే చోట్లను కలుపుతుంది. ఎలాగూ పైకెక్కాల్సిన మెట్రో ప్రయాణికులకు అది అక్కరకొస్తుంది. మెట్రో స్టేషన్లలో టికెట్ గేటుకు ముందున్న అంతస్తు మీదుగా రోడ్డు దాటేవారూ చాలామంది ఉన్నారు. కానీ రాత్రి రైళ్లు ఆగాక ఆ దారి మూతపడుతుంది, ఆఖరి బస్సు దిగినవాడు మళ్లీ కంచె సందునే వెతుక్కుంటాడు.

వంతెన ఉన్నా ఎక్కరు, మన జనానికి క్రమశిక్షణ లేదు అన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఆ మాట అనేవారిలో యూటర్న్ దూరమని రాంగ్ సైడ్‌లో వచ్చే పెద్దమనుషులు ఎందరున్నారో లెక్క తీస్తే బాగుంటుంది. ఇంజిను ఉన్నవాడు అర నిమిషం ఆగకుండా ఉండడానికి ఎముకలు తప్ప మరేమీ లేనివాడిని రెండంతస్తులు ఎక్కి దిగమనడం క్రమశిక్షణ ప్రశ్న కాదు, ఎవరి సమయం విలువైనదో ముందే తీర్మానించుకున్న విధానం. నడిచే మనిషి ఏ దేశంలోనైనా దగ్గర దారినే పోతాడు. ఆ దగ్గర దారిని ప్రమాదం లేనిదిగా చెయ్యడం ప్రణాళిక చేసేవారి పని.

అప్పుడు ట్రాఫిక్ ఆగిపోతుందన్న అభ్యంతరం ఎదురవుతుంది. లెక్క చూద్దాం. రోడ్డు మొత్తం వెడల్పు 30 మీటర్లనుకుందాం. సిగ్నల్ లెక్కల్లో మామూలుగా తీసుకునే నడక వేగం సెకనుకు 1.2 మీటర్లు, ఆ లెక్కన 25 సెకన్లు చాలు. మా అమ్మలాంటివారి కోసం సెకనుకు 0.8 మీటర్లనుకున్నా, డివైడర్ దగ్గర ఆగి నిలబడే చోటు ఇచ్చి రెండు విడతలుగా దాటిస్తే ఒక్కో వైపు వాహనాలు ఆగాల్సింది 19 సెకన్లు. ఇదే రోడ్డు మీద ముందున్న సిగ్నల్‌తో దీన్ని జతచేసి నడిపితే, అక్కడ ఎలాగూ ఆగబోయే వాహనాలు ఇక్కడ ఆగుతాయి, అంతే తేడా. యూటర్న్ దగ్గర ఒక బస్సు తిరగడానికి మూడు వరుసలూ నిలిచిపోయే దృశ్యాన్ని రోజూ చూసే నగరానికి 19 సెకన్లు మోయలేని భారమని నేను నమ్మను. మీట నొక్కితే నడిచేవారికి పచ్చ దీపం వెలిగే పెలికాన్ సిగ్నళ్లను కొన్నిచోట్ల ఇప్పటికే పెట్టారు. వాటిని చాలామంది వాహనదారులు లెక్కచెయ్యరు. హెల్మెట్ లేని తలను ఫొటో తీసి ఇంటికి ఛాలాన్ పంపగలిగిన వ్యవస్థ మనకుంది. పెలికాన్ సిగ్నల్ దగ్గర ఎర్ర దీపం దాటి దూసుకుపోయిన బండిని ఫొటో తియ్యడానికి కొత్త విద్యలేమీ అక్కర్లేదు.

ఆగడం కంటే నాకు ఎక్కువ భయం వేగం. నడిచే మనిషిని కారు ఢీకొన్నప్పుడు, దాని వేగం గంటకు 50 కిలోమీటర్ల నుంచి 65కు పెరిగితే మరణించే ముప్పు నాలుగున్నర రెట్లవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సిగ్నల్ లేని రోడ్డు ఆ 15 కిలోమీటర్ల పెంపును బహుమతిగా ఇస్తుంది. 2019 నవంబరులో గచ్చిబౌలి దగ్గర బయోడైవర్సిటీ కూడలి ఫ్లైఓవర్ ప్రారంభమైన కొద్ది రోజులకే, 40 కిలోమీటర్ల పరిమితి ఉన్నచోట 100 దాటిన వేగంతో వచ్చిన కారు పైనుంచి కిందపడి, రోడ్డు పక్కన ఉన్న ఒక మహిళ ప్రాణం తీసింది. ఆవిడ ఆ వంతెన ఎక్కలేదు, దాన్ని దాటనూ లేదు. అది అరుదైన ఘటన అన్న మాట నిజమే. అరుదు కానివి పత్రికల లోపలి పేజీల్లో నాలుగు వరుసలతో సరిపెట్టుకుంటాయి. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే వారిలో 32,825 మంది పాదచారులు. రోజుకు సుమారు 90 మంది.

ఇదంతా 2023 డిసెంబరు తర్వాత మరింత ముఖ్యమైన సంగతి అయింది. ఆ నెల 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో అదే వచ్చింది. ఈ పథకాలను నేను మనసారా సమర్థిస్తాను. చార్జీల కోసం నడిచిన ఆడవాళ్లు, దూరమని పని మానుకున్న ఆడవాళ్లు బస్సెక్కారు. కానీ బస్సు గడప దాకా ఉచితం ఇచ్చిన ప్రభుత్వం, గడప ముందున్న ఆరు వరుసల రోడ్డును వారికే వదిలేసింది. రాత్రి తొమ్మిదిన్నరకు షాపింగ్ మాల్ డ్యూటీ దిగిన అమ్మాయి ముందు రెండు దారులుంటాయి. ఒకటి, దీపాలు సరిగా వెలగని, రెండు వైపులా ప్రకటనల బోర్డులు కప్పేసిన వంతెన. పైన ఎవరున్నారో కింద నుంచి కనబడదు, కింద ఎవరికీ పైన జరిగేది కనబడదు. రెండోది, కార్ల వెలుగులో అందరికీ కనిపించే రోడ్డు. ఆమె రోడ్డునే ఎంచుకుంటుంది. అలా ఎంచుకోవడంలో ఆమె లెక్క తప్పిందని నేననలేను. స్టాపు పక్కన మిర్చి బజ్జీల బండి, పూలమ్మే ఆవిడ ఉంటే అక్కడ నిలబడడానికి ఆమెకు ధైర్యంగా ఉంటుంది. ఆ బండ్లను ఆక్రమణల పేరుతో ఊడ్చేసే ముందు, 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వాటికి చోటు చూపించమన్న సంగతితోపాటు ఈ సంగతి కూడా గుర్తుంటే మంచిది.

విజయవాడ, విశాఖ కథ వేరుగా లేదు. విశాఖలో గాజువాక, ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక, అన్నీ 16వ నంబరు జాతీయ రహదారి మీదివే. ఊరు నడిబొడ్డున పోయే హైవే అది. దాని మీద సిటీ బస్సు దిగినవాడు హైవే దాటి ఇంటికి పోవాలి.

ఎవరిని అడగాలన్నది తర్వాతి చిక్కు. బస్సు ఆర్టీసీది, షెల్టర్ నగరపాలక సంస్థది, సిగ్నల్ నడిపేది ట్రాఫిక్ పోలీసులు, నడుమ పిల్లర్లు మెట్రోవి, కొన్నిచోట్ల రోడ్డు జాతీయ రహదారుల సంస్థది. మా స్టాపు దగ్గర అరిగిపోయిన జీబ్రా గీతల గురించి నేను ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టాను. దాన్ని సంబంధిత విభాగానికి పంపామని ఒక సందేశం, అది తమ పరిధి కాదని మరో సందేశం వచ్చాయి. ఆ తర్వాత ఫిర్యాదు పరిష్కారమైందని మూడో సందేశం వచ్చింది. గీతలు మాత్రం కొత్తవి రాలేదు. ఈ శాఖలన్నిటినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టడానికి ఉమ్టా పేరుతో ఉమ్మడి రవాణా సంస్థ కాగితం మీద ఎప్పటినుంచో ఉంది. బల్లకు కొరత లేదు, కూర్చునేవాళ్లే కావాలి.

చట్టం వైపు కొరత ఉందని కూడా అనలేం. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే ప్రణాళిక వేయాల్సింది వాహనాల కోసం కాదు, మనుషుల కోసమని చెప్పింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 198ఏ సెక్షన్, నిర్దేశించిన భద్రతా ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణం గానీ వైకల్యం గానీ సంభవిస్తే రోడ్డును రూపొందించిన, నిర్మించిన, నిర్వహించిన సంస్థలకు లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుందంటుంది. ఇక 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఫుట్‌పాత్‌ను రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. అదే కేసులో అక్టోబరు 7న, పాదచారుల రాకపోకలపైన, రోడ్ల నిర్మాణ ప్రమాణాలపైన రాష్ట్రాలు మోటారు వాహనాల చట్టంలోని 138(1ఏ), 210డీ సెక్షన్ల కింద ఆరు నెలల్లో నిబంధనలు రూపొందించాలని ఆదేశించింది.

ఆ నిబంధనల్లో ఉండాల్సినవి నా దృష్టిలో మూడు నాలుగు వాక్యాలకు మించవు. బస్సుస్టాపుకు 50 మీటర్ల లోపు నేల మీద, సిగ్నల్‌తో, డివైడర్ దగ్గర చక్రాల కుర్చీ ఆగగలిగినంత చోటుతో దాటే దారి ఉండాలి. అది కుదరని చోట దారి కుదిరే దగ్గరికి స్టాపునే జరపాలి. కూడలిని మూసి యూటర్న్ పెట్టదలచుకుంటే, నడిచేవారు దాటే ఏర్పాటు పనిచెయ్యడం మొదలుపెట్టాకే మూయాలి. ఫుట్ ఓవర్ బ్రిడ్జి కట్టామన్న కారణంతో నేల మీది దారిని తీసేయకూడదు. ఎత్తు చేసిన జీబ్రా క్రాసింగ్ వేస్తే అదే స్పీడ్ బ్రేకరూ అవుతుంది, విడిగా మరొకటి అక్కర్లేదు.

కేంద్ర ప్రభుత్వ పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. 2019లో ఆర్టీసీ కార్మికుల 52 రోజుల సమ్మె తర్వాత సిటీ బస్సులు బాగా తగ్గిపోయిన నగరానికి ఇది పెద్ద సంఖ్యే. ఈ బస్సుల కోసం డిపోల్లో చార్జింగ్ ఏర్పాట్లకు అంచనాలు వేసేటప్పుడే, అవి తిరగబోయే రూట్లలో స్టాపుకొక దాటే దారి చొప్పున ఖర్చు కట్టి అదే పద్దులో చేర్చాలి. రూట్లు, స్టాపులు ఖరారయ్యేది ఆర్టీసీలో కాబట్టి, ఆ జాబితాను ట్రాఫిక్ పోలీసులకూ నగరపాలక సంస్థకూ పంపి, ఏ స్టాపు దగ్గర సిగ్నల్ ఎప్పటికి వస్తుందో రాతపూర్వకంగా అడిగే మొదటి ఉత్తరం కూడా అక్కడినుంచే వెళ్లాలి.